తెరచాప గుడ్డ నేసిన ఊళ్ళు

స్కాట్లాండ్ తూర్పు తీరంలో టే నది సముద్రంలో కలిసేచోట డండీ పట్టణం ఉంది. అక్కడి నుంచి తీరం వెంబడి ఈశాన్యంగా ఇరవై ఏడు కిలోమీటర్లు పోతే ఆర్బ్రోత్ వస్తుంది. ఈ రెండు పట్టణాలూ, చుట్టుపక్కల ఆంగస్ జిల్లా పల్లెలూ పద్దెనిమిదో శతాబ్దం నడుమ నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదటి రోజులదాకా ఓడలకు తెరచాప గుడ్డ, సైన్యాలకు డేరా గుడ్డ నేసి బతికాయి. ఆ గుడ్డనే కెన్వాసు అంటారు. ఇప్పుడు ఆ పేరుతో సంచులూ బూట్లూ అమ్ముతున్నారుగానీ, గాలికి ఎదురొడ్డి వేల మైళ్ళు ఓడను లాగిన కెన్వాసు వేరు. దాన్ని నేసిన మగ్గాలు పోయాయి, నేసిన మనుషులు పోయారు, ఆ పని అలా ఎందుకు చెయ్యాలో తెలిసిన తెలివి కూడా దాదాపుగా పోయింది.

ముతక గుడ్డ నెయ్యడం ఎవరికైనా వస్తుందని ఒక అపోహ ఉంది. సన్నబట్టకే నేర్పు కావాలని, మందపు గుడ్డకు బలం ఉంటే చాలని అనుకుంటారు. తెరచాప గుడ్డ విషయంలో ఇది పూర్తిగా తప్పు. గుడ్డ గట్టిదనం మందంలో లేదు. నార పొడవులో, నూలు శుభ్రంలో, పడుగు దారాల జోడింపులో, పేకను ఎంత బిగువుగా కొట్టి కూర్చారన్నదానిలో ఉంది. వీటిలో ఏ ఒక్కటి తక్కువైనా చూపుకు తేడా తెలియదు. తుఫానులో తెలుస్తుంది.

నార అవిసె మొక్కది. తెలుగువారికి అవిసె అంటే గింజలూ నూనే గుర్తొస్తాయి. ఐరోపాలో మాత్రం దాన్ని కాండంలోని నార కోసం దగ్గర దగ్గరగా చల్లి, కొమ్మలు వెయ్యనివ్వకుండా నిటారుగా పెంచేవారు. విత్తిన సుమారు వంద రోజులకు పంట చేతికొస్తుంది. కొయ్యరు, వేళ్ళతో సహా పీకుతారు, కోస్తే నార పొడవు తగ్గిపోతుంది కనుక. గింజలు దువ్వి రాల్చి, కట్టలు కట్టి, నీటిలోనో మంచు పడే పొలంలోనో నానవేస్తారు. జిగురు కుళ్ళి బెరడు నుంచి నార విడివడాలి. ఒకరోజు తక్కువైతే నార ఊడదు, ఒకరోజు ఎక్కువైతే నారే కుళ్ళిపోతుంది. మన పల్లెల్లో గోగు, జనుము కట్టల్ని చెరువులో నానేసి నార తీసినవారికి ఈ లెక్కా, ఆ వాసనా రెండూ కొత్తకావు. తరవాత ఎండబెట్టి, కాండాన్ని నలగ్గొట్టి, పొట్టు దులిపి, ఇనుప పళ్ళున్న పెద్ద దువ్వెనల మీద లాగుతారు. పొడవాటి నార చేతిలో మిగులుతుంది, పొట్టిది దువ్వెనలో చిక్కుకుంటుంది. మొదటిది తెరచాపకు, రెండోది గోనెలకు, చవక గుడ్డకు.

ఆంగస్‌లోనూ అవిసె పండేది, కానీ చాలేది కాదు. నార ఎక్కువగా రష్యా, బాల్టిక్ తీరాల నుంచి ఓడల్లో వచ్చేది: రీగా, సెయింట్ పీటర్స్‌బర్గ్, ఉత్తరాన అర్ఖాంగెల్స్క్. శీతకాలంలో ఆ రేవులు గడ్డకట్టేవి కనుక ఏడాదికి సరిపడా సరుకు వేసవిలోనే తెచ్చిపెట్టుకోవాలి. బ్రిటిషు నౌకాదళం ప్రపంచ సముద్రాలను ఏలిన రోజుల్లో ఆ దళం తెరచాపలకు నార రష్యా రైతు పొలం నుంచి వచ్చేదన్నమాట. ఈ పరాధీనత గురించి లండన్‌లో మంత్రులు తరచూ ఆందోళనపడ్డారు, కానీ చివరిదాకా దాన్ని తప్పించలేకపోయారు.

మొదట్లో నూలు వడికింది ఆడవాళ్ళు, ఇళ్ళలో రాట్నాల మీద. వడికిన చిలపల్ని బూడిద క్షారంలో ఉడకబెట్టి, కడిగి, కొట్టి మెత్తబరిచేవారు. ఉడకబెట్టడం తెల్లదనం కోసం కాదు. నారకు అంటుకున్న జిగురు, మడ్డి పోకపోతే తేమ తగిలినప్పుడల్లా గుడ్డ లోపల్నుంచే కుళ్ళుతుంది. ఉడికించిన నూలుతో నేసిన కెన్వాసుకు ఎక్కువ ధర పలికేది అందుకే.

గంజి దగ్గర వచ్చింది అసలు పేచీ. తెలుగు నేతగాళ్ళకు గంజి పెట్టని పడుగు ఊహకందదు. పడుగును వీధిలో బారుగా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వడం మన సాలెవీధుల్లో పొద్దుటి దృశ్యం. అవిసె నూలుకు గంజి అవసరం ఇంకా ఎక్కువ. అది పత్తిలా సాగదు, పేకను కొట్టే పలక దెబ్బకు పుటుక్కున తెగుతుంది. గంజి పెడితే నేత సులువవుతుంది, పలుచని గుడ్డ కూడా బిరుసుగా, బరువుగా కనిపిస్తుంది. కానీ ఓడ మీద తడిసి, చుట్టచుట్టి పడేసిన తెరచాపలో ఆ పిండి బూజుకు మేత. పైకి బాగానే ఉన్న చాప మడత విప్పేసరికి చేతిలోనే చిరిగేది. అందుకే గంజి లేదనడమే మంచి కెన్వాసుకు గొప్ప కితాబు అయింది. ఇంగ్లాండు నైరుతి మూలన, సోమర్సెట్‌లోని కోకర్ గ్రామాల కెన్వాసు ఈ పేరుతోనే అమ్ముడుపోయింది. గంజి తగ్గించి నెయ్యాలంటే నూలు మొదటినుంచే సమంగా, నునుపుగా ఉండాలి. నేతగాడి కష్టమంతా తిరిగి వడికేవారి మీద, నార దువ్వేవారి మీద పడేది.

తెరచాప గుడ్డ వెడల్పు ఇరవై నాలుగు అంగుళాలు, అంటే రెండడుగులే. పనిగట్టుకుని అంత సన్నగా నెయ్యడానికి కారణాలున్నాయి. బరువైన పేకను బిగువుగా కొట్టాలంటే మగ్గం మీద వెడల్పు తక్కువుండాలి. పైగా వెడల్పు గుడ్డ గాలికి ఏటవాలుగా సాగి ఆకారం తప్పుతుంది. సన్నపట్టీలను పక్కపక్కన కలిపి కుడితే ప్రతి కుట్టూ ఒక కట్టుతాడులా పనిచేసి సాగనివ్వదు. పెద్ద తెరచాపకు ఇలాంటి పట్టీలు డజన్లకొద్దీ పడతాయి. నేత సాదా నేతే, ఒకటి పైన ఒకటి కింద. కానీ బరువైన రకాల్లో పడుగు రెండు పేటలుగా జోడించి పోస్తారు. పేకను తడిపి కండెకు చుడతారు. అవిసె నార తడిస్తే బలం పెరుగుతుంది, మెత్తబడి దగ్గరగా కూర్చుంటుంది. నేతగదుల్లో నేల మట్టిది, చెమ్మ ఆరనిచ్చేవారు కాదు. మన గుంట మగ్గాల కింద కూడా చెమ్మ ఉంటుందిగానీ, ఉత్తర సముద్రపు చలిలో రోజంతా అలాంటి గదిలో కూర్చోవడం వేరే సంగతి. కీళ్ళనొప్పులూ దగ్గూ ఆ వృత్తికి కట్నంగా వచ్చేవి.

మామూలు నారబట్ట నేసేవారిలో ఆడవాళ్ళూ పిల్లలూ ఉండేవారు. కెన్వాసు చేతిమగ్గం మాత్రం ఎక్కువగా మగవాళ్ళ పని. ఒక్కో పోగుకూ పలకను ఒంటి బరువంతా వేసి కొట్టాలి. నాడె విసరడం కంటే ఆ దెబ్బలోనే గుడ్డ నాణ్యత ఉంటుంది. దెబ్బ ఒకచోట బలంగా, ఒకచోట మెత్తగా పడితే వదులైనచోట గాలి దూరుతుంది, చిరుగు అక్కడే మొదలవుతుంది. పొద్దున ఎంత బలంగా కొట్టాడో పొద్దుగూకే వేళకూ అంతే బలంగా కొట్టగలిగినవాడే కెన్వాసు నేతగాడు.

ఇంత ముఖ్యమైన సరుకును ప్రభుత్వం నేతగాడి మంచితనానికి వదిలెయ్యలేదు. 1736లో బ్రిటిషు పార్లమెంటు ఒక చట్టం చేసింది. బ్రిటన్‌లో కట్టిన ప్రతి కొత్త ఓడకూ మొదటిసారి ఒక పూర్తి జత తెరచాపలు దేశంలో నేసిన కెన్వాసుతోనే ఉండాలి. తయారుచేసినవాడు తన పేరూ ఊరూ గుడ్డ తాను మీద అచ్చువెయ్యాలి. కెన్వాసుకు అంకెలుండేవి. ఒకటో నంబరు అన్నిటికంటే బరువైనది, అంకె పెరిగేకొద్దీ పలచన. తాను పొడవు 38 గజాలు. ఒకటో నంబరు తాను 44 పౌన్లు తూగాలి, ఎనిమిదో నంబరు 21 పౌన్లు. నేటి లెక్కలో ఒకటో నంబరు గుడ్డ చదరపు మీటరుకు 940 గ్రాములవుతుంది. నౌకాదళం కోసం నేసిన గుడ్డ మధ్యలో ఒక నీలిగీత ఉండేది. ఆ గీత ఉన్న గుడ్డ ప్రైవేటు మనిషి ఇంట్లో దొరికితే దొంగసొత్తు కింద లెక్క. పదిహేడో శతాబ్దం చివర్లోనే ఈ నిబంధన వచ్చింది. ఓడరేవుల్లో కెన్వాసు దొంగతనం ఎంత మామూలో ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఆంగస్ మగ్గాల మీద నేసిందంతా గర్వపడదగ్గది కాదు. తెరచాప గుడ్డ కంటే ముందూ, దానితో పాటూ అక్కడ ఓస్నబర్గ్ అనే ముతక నారబట్ట విరివిగా నేసేవారు. అట్లాంటిక్ అవతల వెస్టిండీస్, అమెరికా తోటల్లో బానిసలకు కట్టబెట్టిన బట్ట అదే. బానిసల్ని మోసిన ఓడల తెరచాపలూ, వారి ఒంటి మీది బట్టా ఒకే రకం మగ్గాల నుంచి వచ్చాయి. ఊరి చరిత్రలు రాసేవారు చాలాకాలం మొదటిదాన్ని చెప్పి రెండోదాన్ని దాటేశారు.

తాను నేతగాడి చేతి నుంచి తెరచాప కుట్టేవారి దగ్గరికి చేరేది. వారి పని విశాలమైన మేడగదుల్లో, నున్నటి చెక్కనేల మీద. చాప కొలతలను నేలమీదే గీసి, పట్టీలు పరిచి, కత్తిరించి, బల్లల మీద వరసగా కూర్చుని కుట్టేవారు. అరచేతికి తోలుపట్టీ, అందులో ఇనుపబిళ్ళ. మూడు పలకల సూది తలను ఆ బిళ్ళతో నెట్టాలి. దారానికి తేనెమైనం. పట్టీల కుట్టుకు గజానికి నూటికి పైగా పోట్లు పడాలని నియమం. అంచుల చుట్టూ తాడు కట్టాలి, మూలలకు అదనపు పొరలు వెయ్యాలి, తెరచాపను కుదించి కట్టడానికి తాళ్ళు దూర్చే రంధ్రాలకు చుట్టుకుట్లు వెయ్యాలి. ఈ పనికి ఏడేళ్ళ శిష్యరికం.

ఈ గుడ్డ యుద్ధంలో ఎలా నిలిచిందో చూపే ముక్క ఒకటి మిగిలింది. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిషు నౌకాదళపతి నెల్సన్ ఉన్న విక్టరీ ఓడ ముందుస్తంభం మీది పైచాప అది. అడుగు అంచు 80 అడుగులు, పై అంచు 54 అడుగులు. విస్తీర్ణం 3,618 చదరపు అడుగులు, బరువు సుమారు 370 కిలోలు. అందులో దాదాపు తొంభై రంధ్రాలున్నాయి. గుండ్లు దూసుకుపోయినచోట రంధ్రం పడిందేతప్ప చాప నిలువునా చీలిపోలేదు, బిగువైన సాదా నేత గొప్పతనం అదే. ఆ గుడ్డ డండీలో నేసిందని డండీవారు చెప్పుకుంటారు. విక్టరీ తెరచాపలు తమవేనని సోమర్సెట్‌వారూ అంటారు. ఒక ఓడకు ముప్పైయేడు తెరచాపలున్నప్పుడు ఇద్దరి మాటా నిజం కావడానికి చోటుంది.

సముద్రం మీద తెరచాపల వాడకంలో బయటివారిని ఆశ్చర్యపరిచే అలవాటు ఒకటి ఉండేది. భూమధ్యరేఖకు అటూ ఇటూ గాలులు మెత్తగా, నిలకడగా వీచేచోట కొత్త, గట్టి తెరచాపలు విప్పి లోపల దాచేసి, పాతవి, అతుకులు వేసినవి, పలచబడినవి కట్టేవారు. దక్షిణాన కేప్ హార్న్ వైపు తిరిగేముందు మళ్ళీ ఒకటో నంబరు, రెండో నంబరు చాపలు పైకెక్కేవి. పండగబట్టలు ఎండకు తీసి వానకు కట్టుకోరు ఎవరూ, ఓడవాళ్ళు మాత్రం మంచి చాపల్ని తుఫాను కోసమే దాచేవారు. ఆ చల్లటి సముద్రాల్లో తడిసి గడ్డకట్టిన కెన్వాసును స్తంభాల మీద నూరడుగుల ఎత్తున వంగి చేత్తో మడవాలి. గోళ్ళు ఊడిపోయేవని నాటి నావికుల రాతల్లో పదే పదే కనిపిస్తుంది. మరీ పాతబడిన తెరచాప కప్పుగుడ్డ అయ్యేది, పడక అయ్యేది, సంచి అయ్యేది. నావికుడు చనిపోతే శవాన్ని కుట్టి సముద్రంలో దించడానికీ అదే గుడ్డ.

చేపలు పట్టే పడవల తెరచాపలు తెల్లగా ఉండేవి కావు. స్కాట్లాండ్ తూర్పు తీరంలో హెర్రింగ్ చేపలకు వెళ్ళిన పడవలకు, థేమ్స్ నది సరుకుపడవలకు ఎర్రటి గోధుమరంగు చాపలుండేవి. అది అలంకారం కాదు. చెట్టుబెరడుల వగరు గుడ్డను కుళ్ళకుండా కాపాడుతుంది. మొదట ఓక్ బెరడు ఉడకబెట్టేవారు. తరవాత అంతకంటే చవకగా, బలంగా పనిచేసే సరుకు తూర్పుదేశాల నుంచి వచ్చింది. అది కాచు. చండ్రచెట్టు చేవను ఉడికించి తీసే ఆ ముద్దను మనవాళ్ళు తాంబూలంలో వేసుకుంటే, వాళ్ళు పెద్ద గాబుల్లో కరిగించి వలలూ తెరచాపలూ ముంచేవారు. భారతదేశం, బర్మా అడవుల్లోని ఈ కాచు పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటిషు చేపలరేవులన్నిటా దొరికే సరుకైంది.

యంత్రాలు ఈ వృత్తిలోకి ఆలస్యంగా వచ్చాయి. పత్తి గుడ్డకు మరమగ్గం కుదిరిన చాలాకాలానికిగానీ బరువైన నారగుడ్డకు కుదరలేదు. సాగని నూలు మరమగ్గం కుదుపుకు తెగేది. పేకను బిగువుగా కొట్టే దెబ్బకు మగ్గమే వదులైపోయేది. డండీలో బాక్స్‌టర్ బ్రదర్స్ అనే సంస్థ డెన్స్ వాగు ఒడ్డున మిల్లు పెట్టింది. ఆ మిల్లు ఇంజనీరు పీటర్ కార్‌మైకేల్ మగ్గాన్ని బలపరిచి, పడుగు బిగువు దానంతట అదే సర్దుకునేలా మార్పులుచేశాక 1836 నుంచి అక్కడ నారగుడ్డ మరమగ్గాల మీద నడిచింది. పందొమ్మిదో శతాబ్దం నడిమికి డెన్స్ మిల్లు ప్రపంచంలోకెల్లా పెద్ద నారబట్టల కర్మాగారమైంది. చేతిమగ్గాలు వెంటనే ఆగిపోలేదు. అన్నిటికంటే బరువైన రకాల కెన్వాసుకు చేతిదెబ్బే మేలని కొందరు కొనుగోలుదారులు పట్టుబట్టారు. ఆ పట్టుదల నేతగాళ్ళకు కొన్నేళ్ళు కూడు పెట్టింది, కూలిరేటు మాత్రం ఏటా తగ్గుతూనే పోయింది. డండీ చేతిమగ్గం నేతగాడు విలియం మెక్‌గోనగల్ 1877లో పని సన్నగిల్లినవేళ కవిత్వం మొదలుపెట్టి, ఇంగ్లీషు భాషలో అతి చెడ్డ కవిగా కీర్తి గడించాడు. ఆ కవిత్వాన్ని చూసి నవ్వేవారికి దాని వెనకున్న ఆగిపోయిన మగ్గం కనబడదు.

మరమగ్గాలతో పని మగవాళ్ళ చేతి నుంచి ఆడవాళ్ళ చేతికి మారింది. వందల మగ్గాలు ఒకే కప్పు కింద కొట్టుకుంటుంటే మాట వినబడదు. మిల్లు ఆడవాళ్ళు పెదవుల కదలికతోనే మాట్లాడుకోవడం నేర్చారు, మిల్లు బయట కూడా వాళ్ళ గొంతు పెద్దదే. వడుకు విభాగంలో నార దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరేది. అది తప్పింది కాబట్టి, కూలీ కాస్త మెరుగు కాబట్టి నేతవిభాగం ఆడవాళ్ళు తమను ఒక మెట్టు పైన చూసుకునేవారు. వీధిలోకి టోపీ, చేతితొడుగులు వేసుకుని వచ్చేవారు. వడికేవాళ్ళు తలమీద శాలువాతో వచ్చేవారు. ఒకే మిల్లులో ఒకే కూతకు లోపలికి వెళ్ళేవారి మధ్య ఈ అంతరం!

పిల్లల్ని సగంరోజు మిల్లులో, సగంరోజు మిల్లుబడిలో పెట్టే పద్ధతి చట్టబద్ధంగానే సాగింది. మేరీ స్లెస్సర్ అనే అమ్మాయి పదకొండో ఏట ఇలాగే బాక్స్‌టర్ మిల్లులో చేరింది. తల్లి కూడా నేతగత్తె. తండ్రి తాగుబోతు. పద్నాలుగేళ్ళకు పూర్తిరోజు నేతపనిలో నేర్పరి అయింది. తెల్లవారి ఆరు నుంచి సాయంత్రం ఆరుదాకా మగ్గం. ఆ మగ్గం మీదే పుస్తకం పెట్టుకుని చదివేదని చెబుతారు. 1876లో మతప్రచారకురాలిగా పశ్చిమ ఆఫ్రికాలోని కాలబార్‌కు వెళ్ళి, కవలపిల్లల్ని అడవిలో వదిలేసే ఆచారం నుంచి ఎందరో శిశువులను కాపాడి, 1915లో అక్కడే చనిపోయింది. తరవాతి కాలంలో స్కాట్లాండ్ పది పౌన్ల నోటు మీద ఆమె బొమ్మ వేశారు. మిల్లు యజమానుల కుటుంబం పట్టణానికి 1863లో ఒక ఉద్యానవనం, 1881లో ఒక కాలేజీ ఇచ్చింది. ఆ సొమ్ములో సగంరోజు పిల్లల చెమట ఎంతో లెక్కకట్టినవారు లేరు.

డేరాల గిరాకీ యుద్ధాలతో పెరిగింది. కెన్వాసు డేరా వానకు తట్టుకునే కిటుకు పైపూతలో లేదు. తడిసిన నార ఉబ్బి, పోగుల మధ్య సందులు మూసుకుపోతాయి. తడిసిన డేరా గుడ్డను లోపలి నుంచి వేలితో తాకితే అక్కడి నుంచి నీరు కారడం మొదలవుతుంది. సైనికుడు నేర్చుకునే మొదటి పాఠం ఇదే. క్రిమియా యుద్ధం 1853లో మొదలై, మరుసటి ఏడు బ్రిటన్ రంగంలోకి దిగేసరికి శత్రువు రష్యా, నారకు ఆధారమూ రష్యాయే. రేవులు మూసేస్తే సరుకు భూమార్గాన ప్రష్యాలోని మేమెల్ రేవుకు చేరి అక్కడి నుంచి వచ్చింది. ధరలు చుక్కలనంటినా మిల్లులు ఆగలేదు. రష్యా నారతో నేసిన గుడ్డే రష్యా మీదికి వెళ్ళింది. 1854 నవంబరు 14న క్రిమియాలో వీచిన పెనుగాలి బలక్లావా దగ్గర ఓడల్ని ముంచి, కొండమీది డేరాలన్నిటినీ ఎగరగొట్టింది. గాయపడ్డవారు బురదలో పడి ఉన్నారు. తరవాతి శీతకాలపు చావుల్లో యుద్ధానికంటే చలికీ రోగాలకే ఎక్కువమంది పోయారు. ఆర్బ్రోత్‌లో వెబ్‌స్టర్ కుటుంబం ఆ రోజుల్లోనే కట్టిన కెన్వాసు మిల్లుకు క్రిమియా యుద్ధంలో బ్రిటన్ గెలిచిన మొదటి పోరు పేరిట ఆల్మా అని పేరు పెట్టింది.

నారకు వచ్చిన ఈ కరువే డండీని జనపనార వైపు తిప్పింది. బెంగాల్ నుంచి వచ్చే జనపనార అతిచవక, కానీ పెళుసు. డండీ తిమింగిలాల వేటకూ కేంద్రం. తిమింగిలం నూనెతో తడిపితే జనపనార మెత్తబడి యంత్రాల మీద నడుస్తుందని కనిపెట్టారు. గోనెలకూ, బండ్ల కప్పులకూ, సరుకు మూటలకూ జనపనార వచ్చేసింది. తెరచాపకు మాత్రం పనికిరాలేదు, తడిస్తే కుళ్ళిపోతుంది కనుక. ఈ మార్పు గొలుసు తెలుగు తీరందాకా వచ్చింది. విశాఖపట్నానికి ఉత్తరాన భీమునిపట్నం రేవు నుంచి గోగునార ఎగుమతయ్యేది. ప్రపంచ మార్కెట్‌లో దానికి బిమ్లి జనపనార అని ఊరిపేరే స్థిరపడింది. గోంగూర పచ్చడిగా మనకు తెలిసిన మొక్కల కుటుంబంలోదే ఆ నార. ఆ ఊరి పక్కనే చిట్టివలసలో, విజయనగరం దగ్గర నెల్లిమర్లలో జనపనార మిల్లులు వెలిశాయి. చిట్టివలస మిల్లు మూతపడింది. డేరా గుడ్డ సంగతికి వస్తే, మన ఊళ్ళకు అది సైన్యంతో కంటే సర్కసులతో, టూరింగ్ టాకీసులతో, సురభివారి నాటకాలతో ఎక్కువ పరిచయం. ఆ గుడారాల కెన్వాసు పత్తిది.

పత్తి కెన్వాసు అమెరికా చేసిన పని. అక్కడ పత్తి సొంతం, యంత్రాలు సొంతం. 1851 ఆగస్టు 22న ఇంగ్లాండు దక్షిణాన వైట్ ద్వీపం చుట్టూ జరిగిన పందెంలో అమెరికా అనే పడవ బ్రిటిషు పడవలన్నిటినీ ఓడించింది. దాని తెరచాపలు మరమగ్గం మీద నేసిన పత్తివి. అవిసెనార చాపలు గాలికి సంచిలా ఉబ్బుతాయి, సందుల్లోంచి గాలి జారిపోకుండా బ్రిటిషు నావికులు వాటిమీద నీళ్ళు చల్లేవారు. పత్తి చాప చదునుగా నిలిచి గాలిని పట్టింది. పందెపు పడవలు పత్తికి మారాయి. దూరప్రయాణపు ఓడలు మాత్రం మారలేదు. పత్తి గుడ్డ తడిస్తే బిరుసెక్కుతుంది, తుఫానులో మడవడం కష్టం, రాపిడికి నారంత నిలవదు. అందం పత్తిది, ఓర్పు అవిసెది అని తీర్పు చెప్పవచ్చు.

ఆ ఓర్పుతో అవసరం ఎంతకాలమన్నది 1869లో తేలిపోయింది. సూయజ్ కాలువ నవంబరు 17న తెరుచుకుంది. అయిదు రోజుల తరవాత, నవంబరు 22న, కట్టీ సార్క్ అనే తేయాకు ఓడను స్కాట్లాండ్‌లోని డంబార్టన్‌లో నీటిలోకి దించారు. దాని తెరచాపలు 32,000 చదరపు అడుగులు. ఆ గుడ్డ ఆర్బ్రోత్ వెబ్‌స్టర్లదే. తెరచాప ఓడలు కాలువగుండా పోలేవు, ఎర్రసముద్రపు గాలులు అనుకూలించవు. ఆవిరి ఓడ చైనాకు దారి వేల మైళ్ళు తగ్గించుకుంది. కట్టీ సార్క్ కొన్నేళ్ళలోనే తేయాకు వదిలి ఆస్ట్రేలియా ఉన్నికి మళ్ళింది. తెరచాప ఓడలకు ఇంధనం ఖర్చు లేదు కనుక గోధుమలూ బొగ్గూ చిలీ ఎరువూ మోసే తొందరలేని దారుల్లో అవి మరో ఎనభై ఏళ్ళు బతికాయి. చివరిదాకా వాటిని నడిపింది ఫిన్లాండ్‌లోని ఓలాండ్ దీవులకు చెందిన గుస్తాఫ్ ఎరిక్సన్ సంస్థ. 1949లో పామిర్ అనే ఓడ ఆస్ట్రేలియా నుంచి ధాన్యం నింపుకుని కేప్ హార్న్ చుట్టివచ్చింది. సరుకుతో అలా వచ్చిన తెరచాప ఓడ ఆ తరవాత లేదు.

బాక్స్‌టర్ బ్రదర్స్‌ను 1924లో లో అండ్ బోనార్ అనే డండీ సంస్థ కొనేసింది. 1941లో ఇంగ్లాండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు పాలియెస్టర్ నారను తయారుచేశారు. ఇంగ్లాండులో టెరిలీన్‌గా, అమెరికాలో డేక్రాన్‌గా అది అమ్ముడయింది. 1950లలో పడవల తెరచాపలకు వచ్చింది. తడిసినా కుళ్ళదు, బూజుపట్టదు, ఆకారం తప్పదు, తడిగానే మడిచి పెట్టవచ్చు. కెన్వాసు నేతగాళ్ళు రెండు వందల ఏళ్ళుగా గంజితో, తేమతో, బూజుతో చేసిన పోరాటాన్ని ఆ దారం ఒక్క పూటలో అనవసరం చేసింది. డేరాలదీ అదే కథ. నైలాన్, ప్లాస్టిక్ పూత గుడ్డలు వచ్చాక కెన్వాసు గుడారం బరువు మోసేవాడు లేడు.

డెన్స్ మిల్లు 1970ల చివర్లో మూతపడింది. అందులోని ఎగువ మిల్లు భవనం ఇప్పుడు నివాసగృహాలు. విక్టరీ తెరచాప 1960లో పోర్ట్స్‌మత్ నౌకాదళ శిబిరంలో వ్యాయామశాల పాత పరుపుల కింద బయటపడి, ఇప్పుడు నౌకాదళ మ్యూజియం రక్షణలో ఉంది. నావికులు ఒకప్పుడు పాత తెరచాప ముక్కకు అవిసెనూనె పట్టించి వానకోటుగా తొడుక్కునేవారు. ఆ అలవాటునే వెబ్‌స్టర్లు సరుకుగా మార్చి నూనె పూసిన గుడ్డ, తరవాత మైనం పూసిన పత్తిగుడ్డ తయారుచేశారు. ఆ విద్యను డండీలో హాలీ స్టీవెన్‌సన్స్ సంస్థ ఇప్పటికీ నడుపుతోంది. అక్కడ తయారయ్యే మైనపు గుడ్డ ఓడలకు పోదు, వానకోటులు కుట్టే కంపెనీలకు పోతుంది.